గాలము: దాని పనిముట్లు, మెలకువలు

(మహాసభ రెండవనాటి సాయంకాలమున జేసిన యుపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికపై విద్యను గూర్చియు, వసతిగృహములను గూర్చియు, సంఘపు పద్దులను గూర్చియు పెద్దలనేకులు గంభీరముగ నుపన్యసించి యున్నారు. వారి వెనుక గాలమును గూర్చి మాటలాడుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించినపుడు, ఇది పరిహాసమేమో యని మొదట సందేహించితిని. మన యిండ్లలో గాలమునకు మన్నన తక్కువ. మా తండ్రిగారు వలవేటకాడు. గట్టున గాలము వైచుకొని కూర్చున్నవానిని జూచి "వీనికి ఇంటిలో పనిలేదు కాబోలు" అనెడివారు. వల మనకు అన్నము పెట్టినది. గాలము పిల్లల యాట, ముసలివారి ప్రొద్దుపోక. ఆ భావముతోనే నేనును పెరిగితిని. బడిపంతులు కొలువునుండి విశ్రాంతి పొందిన పిమ్మట, వల లాగు సత్తువ లేక గెడ పట్టితిని. పట్టిన తరువాత గదా తెలిసినది, ఇందు నేర్వవలసినది ఇంత కలదని!

ఇప్పుడు పట్టణములనుండి యువకులు ఆదివారము వచ్చిన జాలును, వేలరూపాయల గాలపుకఱ్ఱలతో మన చెఱువుగట్లకు వచ్చుచున్నారు. మన పిల్లలును ఉద్యోగములకై హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగుళూరు నగరములకు బోయి, అచ్చట ఆ యాట నేర్చుకొని సెలవులకు ఇంటికి వచ్చుచున్నారు. వారికి కఱ్ఱ తెలియును, నీరు తెలియదు. మనకు నీరు తెలియును, ఆ కఱ్ఱ తెలియదు. ఈ తెలియమివలన ప్రాణములే పోయినవి. అందుచేతనే ఈ విషయమును మీ యెదుట బెట్టుటకు సాహసించితిని.

మన భాషలో వేట యనుమాట అడవికిని నీటికిని గూడ చెల్లును. అడవివేట కథ ముగిసినది. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినపిమ్మట వినోదార్థము అడవిమృగములను, పక్షులను జంపుట నేరము. కుందేలునకు ఉచ్చు పన్నినను నేరమే. మా తాతలనాటి యాచారమనిన న్యాయస్థానమువారు వినరు. ఆ వేటను గూర్చి ఇంతకుమించి చెప్పను. వినోదమునకు మిగిలినది నీటివేటయే.

గాలమువేట దొరలు తెచ్చిన వినోదమని కొందఱు తలంతురు. అది పొరపాటు. 12వ శతాబ్దపు పూర్వార్ధమున కల్యాణపురము నేలిన పశ్చిమచాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను ప్రకరణము కలదు. ఏయే మత్స్యము లెచ్చట నుండును, వేని కేమి మేత ప్రియము, త్రాడు ఎట్లు పేనవలెను, గెడ ఎట్లుండవలెను, ముందుగ మేత చల్లి చేపలను ఎట్లు మచ్చిక చేయవలెను, ఇవన్నియు ఒక రాజు కూర్చుండి వ్రాసినాడు. ఆ కల్యాణమే నేడు కర్ణాటకమునందలి బసవకల్యాణము. ఆ కాలమున తెలంగాణము ఆ చక్రవర్తుల యేలుబడిలోనిదే. డాక్టరు సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రవేత్త 1951లో ఆ ప్రకరణమును ఆంగ్లమున వివరించి ప్రకటించెను. అంతకు మునుపు చెన్నపురి ప్రభుత్వమున నుద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ అను ఆంగ్లేయుడు 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' యను గ్రంథమును, 1887లో కేవలము చెఱువులయందలి గాలమువేటను గూర్చియే మఱియొక గ్రంథమును వెలువరించెను. రాజొకడు వ్రాసెను, దొరయొకడు వ్రాసెను. నీటిలో పుట్టి నీటిలో పెరిగిన మనవారు వ్రాయలేదు. మా తాతగారికి తెలిసినదంతయు మా తాతగారితోనే పోయినది. ఈ మాట యనుకొన్నప్పుడెల్ల నాకు మనస్తాపము కలుగుచుండును.

ఇక పనిముట్లు. ముందు గెడ. మన నాటిగెడ వెదురు. లోపలి గుల్ల చిన్నదై, కణుపులు దగ్గఱగ నున్న సన్నని వెదురును ఏరుకొని, నీడను నిలువుగ గట్టి, బరువు వ్రేలాడదీసి ఎండబెట్టవలెను. ఎండలో నెండబెట్టిన గెడ పగులును. నేలపై నడ్డముగ బెట్టినది వంగిపోవును. మంచి గెడ కొన పట్టి లాగినపుడు కొననుండి నడుమువఱకు విల్లువలె సమముగ వంగవలెను. ఒక్కచోట మాత్రమే వంగునది అచ్చటనే విఱుగును. పదియడుగుల వెదురుగెడ, అంతే పొడుగు దారము: పరిగెలకు, జెల్లలకు, చిన్న బొచ్చెలకు ఇంతకు మించిన సాధనము అక్కఱలేదు. క్రొత్తగా నేర్చువారికి వేలరూపాయల కఱ్ఱ కొనిపెట్టకుడు. వెదురుగెడ చేతికి బుద్ధి నేర్పును.

అంగడిలో దొరకు కఱ్ఱలు రెండు జాతులు. ఫైబరుగ్లాసుది బరువు, మొఱటుదెబ్బలకు తాళును. కార్బనుది తేలిక, చురుకు. చేప ముట్టిన అదురు అఱచేతికి వెంటనే తెలియును. కాని రాతికి తగిలి చిన్న గీటు పడినను ఒకనాడు పుటుక్కున విఱుగును. ఇవన్నియు అంగడివాడు చెప్పును. అతడు చెప్పని దొకటి కలదు. కార్బను విద్యుత్తును ప్రవహింపజేయును. పండ్రెండడుగుల కార్బను కఱ్ఱను పైకెత్తి నిలుచుండిన వాడు చేత ఇనుపకడ్డీని ఎత్తి నిలుచుండిన వానితో సమానుడు.

మా చెల్లెలి కుమారుడు 22 ఏండ్లవాడు. 2019 వేసవిలో సెలవునకు వచ్చి, కాలువగట్టున నిలిచి, గాలము దూరముగ విసరుటకై కఱ్ఱను వెనుకకెత్తినాడు. గట్టునకు మీదుగ బోవుచున్న తీగెలను జూడలేదు. నేను పదిబారల దూరమున ఎఱ గ్రుచ్చుచుంటిని. చప్పుడు వినబడి తల యెత్తునప్పటికి అంతయు నైపోయినది. మీలో పెక్కుమంది ఆ కర్మలకు వచ్చియున్నారు గనుక విస్తరింపను. ఆ కఱ్ఱ కొనుటకు డబ్బిచ్చినవాడను నేనే. అదియు మీకు చెప్పవలసియున్నది. ఆ తీగెల ప్రక్కన ఇంకొక పదిగజములు తప్పుకొని నిలుచుండుమని అతనికి నేను చెప్పియుండవలసినది; నాకు తెలియదు గనుక చెప్పలేదు.

కావున గాలము దించుటకు ముందు ఆకాశమును జూడుడు. తీగెలున్న తావునకు నూఱడుగుల లోపల కఱ్ఱను కూర్పకుడు, ఎత్తకుడు. అధికశక్తిగల తీగెను కఱ్ఱ తాకనక్కఱలేదు. చేరువకు వచ్చినను విద్యుత్తు నడుమనున్న గాలిని దాటి దుమికివచ్చును. ఒకచోటినుండి మఱియొకచోటికి నడచునపుడు కఱ్ఱను విడదీసి నేలకు సమముగ పట్టుకొని నడువుడు. వెదురేకదా యని ధైర్యము వలదు. తడిసిన వెదురును నమ్మరాదు. ఉఱుము వినబడినతోడనే కఱ్ఱను నేలబెట్టి గట్టు దిగిపోవలెను. చేప రేపును ఉండును.

దారము సంగతి. పూర్వము జనుపనార, పట్టుదారము, నూలుత్రాడు వాడిరి. వేట ముగిసిన ప్రతిదినము ఆరబెట్టకున్న అవి కుళ్లెడివి. 1938లో అమెరికాదేశమున నైలానును లోకమునకు ప్రకటించిన పిమ్మట ఆ బాధ తీఱినది. కాని నైలానునకును శత్రువు కలదు, అది యెండ. కిటికీలో వ్రేలాడదీసిన చుట్ట రెండేండ్లలో బలము కోల్పోవును, చూపునకు మాత్రము క్రొత్తదానివలెనే యుండును. వేటకు బోవునపుడెల్ల మొదటి నాలుగు మూరలను గోళ్లనడుమ లాగి చూడుడు. గరుకు తగిలినచో కోసిపాఱవేయుడు. పాఱవేయుడనగా గట్టున గాదు. చుట్టి జేబులో వేసికొని ఇంటికి తెండు. గట్టుపై విడిచిన నైలానుదారము కొంగలకాళ్లకు, దూడల గిట్టలకు చుట్టుకొని కోయును. ఇప్పుడు అల్లికదారములు వచ్చినవి. సన్నముగనుండియు బలమెక్కువ, సాగుట లేదు. సాగదు గనుక చేప ముట్టినది వెంటనే తెలియును. సాగదు గనుకనే చేప ఒక్కసారి గుంజినపుడు నోరు చీలి తప్పించుకొనును. చేతికి చుట్టుకొని లాగినచో వ్రేలు తెగును. నేర్చినవారికే అది తగును.

ముడి చేతగానివానికి ఎంత మంచి దారమైనను వ్యర్థము. నైలానుదారమును గాలము కంటిలో దూర్చి, దానిచుట్టు అయిదుమాఱులు మెలివైచి, కొనను కంటియొద్ద నేర్పడిన చిన్న సందులో దూర్చి, మరల ఇట్లు దూర్చుటవలన ఏర్పడిన పెద్ద ఉచ్చులో దూర్చి, ఉమ్మితోనో నీటితోనో తడిపి, మెల్లగ బిగింపుడు. తడుపుట మఱవరాదు. పొడిగా బిగించినచో ఒరపిడికి వేడిపుట్టి నైలాను నలుగును. చేప లాగినపుడు సరిగా ముడియొద్దనే తెగును. తెగిన దారపుకొన చుట్టలుచుట్టుకొని యుండినయెడల ముడి జాఱినదని, నిలువుగ నుండినయెడల దారము తెగినదని తెలియునది. అల్లికదారమునకు ఈ ముడి జాఱును. దానిని రెండుపేటలుగ మడిచి వేయు ముడి వేఱు, అది చేతితో చూపవలసినదే గాని నోటితో చెప్పునది కాదు.

గాలమునకు కన్ను, కాడ, వంపు, మొన, ఎదురుముల్లు అని యైదు భాగములు. అంగడిలో అంకెలతో అమ్ముదురు. అంకె పెద్దదైనకొలది గాలము చిన్నది. 1 దాటిన పిమ్మట 1/0, 2/0 అని వ్రాయుదురు, అచ్చటినుండి అంకెతోబాటు గాలమును పెద్దదగును. ఇది తెలియక మా బావమఱది పెద్దచేపకై పండ్రెండవ అంకె గాలములు వంద కొనితెచ్చెను. అవి పరిగెపిల్లలకు సరిపోయినవి. నా యనుభవమున పరిగెలకు 10, శీలావతికి 4 లేక 6, కొఱమేనుకు 1/0 మొదలు 3/0 వఱకు, వాలుగకు అంతకు మించినది కావలయును. మొనను బొటనవ్రేలి గోటిపై నానించి జరపుడు. గోరు గీసుకొని నిలిచినయెడల పదును కలదు, జాఱినయెడల ఆకురాయి పట్టవలెను. చేపను మరల విడువదలచినవారు ఎదురుముల్లును పట్టుకారుతో నొక్కివేయుట మంచిది. మీ వ్రేలికి గ్రుచ్చుకొన్నపుడును ఆ మేలు తెలియును.

బెండునకు జొన్నదంటు లోపలి బెండుకన్న మిన్నయైనది నేటికిని లేదు. సీసపు గుండును చీలికలో దారముంచి పండ్లతో కొఱికి బిగించు అలవాటు మనలో నున్నది. సీసము విషము. పట్టుకారు వాడుడు, పిల్లలచేతికీయకుడు. లోతు చూచుటకు గాలమునకు బరువైన గుండు తగిలించి విడువుడు. బెండు మునిగిపోయినయెడల లోతు మీరనుకొన్నదానికంటె నెక్కువ. బెండు పరుండిపోయినయెడల తక్కువ. కొన మాత్రము పైకి గనబడి నిటారుగ నిలిచినయెడల సరి. ఈ కొలత చూడక గాలము దించువాడు చీకటిగదిలో వస్తువు వెదకువానివంటివాడు.

లోతు దేనికనగా, ఏ చేప ఏ లోతున మేయునో దాని నోరు జూచిన తెలియును. బొచ్చె నోరు పైకి తెఱచుకొని యుండును. అది పైనీటి మేత. శీలావతిది ముందునకు, క్రిందిపెదవి అంచు కుచ్చువలె, అది నడిమినీటిది. మోసు నోరు క్రిందికి దిగియుండును. అది అడుగుబురద వెదకునది. ఈ మూడును ఒకే చెఱువులో కలహములేక బ్రతుకుటకు ఇదియే కారణము, వీనిని కలిపి పెంచుటకును ఇదియే యాధారము. జెల్లలకు, వాలుగకు మీసములుండును. వానికి చూపుతో పనిలేదు. మీసముతో రుచి చూచి చీకటిలో మేయును. కావున వానికై ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వాసనగల ఎఱతో కూర్చుండవలెను. కోడిప్రేగు, ఎండురొయ్య వానికి విందు.

మన వాడుకలో వానపామునకే ఎఱ యని పేరుండుట చూడుడు! అది తినని చేప అరుదు గనుక ఆ పేరు నిలిచినది. దానిని మొత్తముగ గాలమునకు చుట్టక, ఒకటి రెండు చోట్ల గ్రుచ్చి కొన కదలునట్లు విడువవలెను. శీలావతికి, బొచ్చెకు పిండియెఱ. తవుడు, వేరుసెనగచెక్క పొడి సమపాళ్లుగ గలిపి, దానిలో నాలవవంతు గోధుమపిండి చేర్చి, బెల్లపునీటితో ముద్దచేసి తడిగుడ్డలో మూట గట్టుడు. ముద్ద నీటిలో పావుగంట నిలిచి పిమ్మట విడిపోవలెను. అంతకుముందే విడిపోయిన పిండి చాలలేదు. విడిపోనేలేదన్న పిండి యెక్కువైనది. కొందఱు ఇంగువ, కొందఱు సోపు, కొందఱు పేరు చెప్పని మందులు కలుపుదురు. చేప వచ్చుట మందువలననో, ప్రతిదినము ఒకేచోట ఒకేవేళ మేత చల్లుటవలననో వారు పరీక్షింపరు. నేను పరీక్షించితిని. మూడుదినములు వరుసగ తెల్లవాఱుజామున ఒకేచోట రెండుగుప్పిళ్ల మేత చల్లినచో నాలవనాడు ఇంగువ లేకయే చేప వచ్చినది.

వేళను గూర్చి ఒక భ్రమ కలదు. మబ్బుపట్టి ఉక్కగ నున్న రాత్రి గడచి తెల్లవాఱునపుడు నాచుపట్టిన చెఱువులో చేపలు పైకి వచ్చి నోరు తెఱచి గుటకలు వేయుచుండును. "ఆకలిమీద నున్నవి, గాలము వేయుడు" అని తొందరపడుదురు. అవి ఆకలితో రాలేదు, ఊపిరికై వచ్చినవి. రాత్రివేళ నాచు గూడ నీటిలోని ప్రాణవాయువును పీల్చును గనుక తెల్లవాఱునప్పటికి నీటిలో అది మిక్కిలి తగ్గియుండును. ఊపిరాడని ప్రాణి మేత ముట్టదు. ఆనాడు గాలము కట్టిపెట్టి, చెఱువు పాటదారునకు వార్త చెప్పుట మేలు. అతడు పంపు త్రిప్పి నీరు చిమ్మించినయెడల చేపలు దక్కును.

చేపకు చెవులు బయట లేవుగాని వినికిడి కలదు; ప్రక్కలనున్న గీతవెంబడి అది నీటి కదలికను గ్రహించును. గట్టుపై ధడధడ నడచుట, తలుపు వైచినట్లు బండితలుపు వేయుట పనికిరాదు. మాటలు గాలిలో నుండును గనుక అంతగా బాధింపవు. అయినను ఊరకుండుటయే సుఖము.

బెండు భాష వేఱు. జెల్ల ముట్టినపుడు బెండు గిలగిలలాడును. శీలావతి మెల్లగ ప్రక్కకు దీసికొని పోవును. మోసు అడుగున గుండుతోసహా ఎత్తును గనుక బెండు పైకి లేచి పరుండును. క్రొత్తవారు బెండు మునుగుటకై నిరీక్షించుచు ఆ క్షణమును పోగొట్టుకొందురు. లాగుడు బలముతోగాక మణికట్టుతో జరుగవలెను.

పెద్దచేప తగిలినపుడు తొందర పనికిరాదు. రీలునకు డ్రాగు అను బిగువుమర యుండును. దారపు బలములో నాలవవంతునకు మించి దానిని బిగింపరాదు. అయిదు కిలోల దారమునకు కిలోంబావు చాలును. త్రాసుకొక్కెమునకు దారము తగిలించి లాగి కొలువవచ్చును. చేప పరుగెత్తునపుడు పరుగెత్తనీయుడు, నిలిచినపుడు కఱ్ఱ నెత్తి, దించుచు చుట్టుడు. ఒడ్డున కఱ్ఱతో ఎత్తి నేలపై కొట్టుట మఱచిపోండు. పిడిగల చిన్నవలను ముందే నీటిలో ముంచియుంచి, చేపను దానిమీదికి నడిపింపుడు. విడువదలచిన చేపను తడిచేతులతో పట్టవలెను. పొడిచేయి దాని యొంటిజిగురును తుడిచివేయును. ఆ జిగురే దాని రోగనిరోధము.

కొఱమేనును గూర్చి కొంచెము వేఱుగ జెప్పవలెను. తెలంగాణ ప్రభుత్వమువారు దానిని తమ రాష్ట్రమత్స్యముగ నంగీకరించిరి. ఇది గాలి పీల్చు చేప. నీటిలోనే యుంచి పైకి రానీయకున్న చచ్చిపోవును. అందుచేత తామరాకులసందున అప్పుడప్పుడు పైకి వచ్చి గ్రుక్కెడు గాలి తీసికొను తావును గుర్తించి, అచ్చట కప్పబొమ్మను నీటిపై దుముకులాడింపవలెను. సజీవమైన కప్పను గ్రుచ్చుట పాతపద్ధతి. కప్ప పొలమునకు మిత్రము. రబ్బరుకప్పలు ఇప్పుడు సులభముగ దొరకుచున్నవి, వాని గాలము వీపునకు ఒదిగియుండుటచేత నాచునకు తగులదు. చేప ఒక్కసారిగ మ్రింగదు. నీరు పగిలిన చప్పుడు వినగనే లాగినవానికి ఉత్త కప్పబొమ్మయే తిరిగివచ్చును. రెండు మూడు లెక్కించి లాగుడు.

కాని ఎఱ్ఱని పిల్లలగుంపు నీటిపై ఉడుకుచున్నట్లు కనబడినచోట గాలము వేయకుడు. ఆ గుంపు క్రింద తలిదండ్రులు కాపలా కాయుచుండును. పిల్లలదరికి వచ్చిన దేనినైనను అవి కోపముతో కఱచును. అచ్చట వాటిని పట్టుట మిక్కిలి సులభము, అందులో నేర్పేమియు లేదు. పెద్దచేప పోయిన కొలదికాలములోనే పిల్లలను పరిగెలు, జెల్లలు, నీటిపాములు తినివైచును. ఒక్క చేపకై వేలకొలది పిల్లలు పోవును. మా తండ్రిగారు వలవేటకాడయ్యును ఎఱ్ఱగుంపు కనబడినచోట పడవ మరలించెడివారు. అడిగిన కారణము చెప్పలేదు. ఇపుడు తెలిసినది.

గాయములు. గాలము వ్రేలిలో ఎదురుముల్లువఱకు దిగినప్పుడు వెనుకకు లాగినచో మాంసము చీలును. దారమును కోసివైచి, గట్టి దారమునొకదానిని గాలపు వంపునకు ఉచ్చువలె వైచి, కాడను చర్మమునకు ఆనునట్లు క్రిందికి నొక్కిపట్టి, ఉచ్చును కాడకు సమముగ వెనుకకు ఒక్క యూపున లాగిన గాలము వచ్చినదారినే వచ్చును. రెండవవాడు చేయవలసిన పని యిది. కన్ను దగ్గఱగాని, మెడకుగాని, లోతుగ కీలునకుగాని గ్రుచ్చుకొనినచో చేయిబెట్టక వైద్యునికడకు గొనిపోవలెను. ఎట్టి గాయమునకైనను ధనుర్వాతపు సూదిమందు అవసరము. ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొన్న బాధ మీలో ననేకు లెఱుగుదురు. ఆ విషము వేడికి చెడును. చర్మము కాలకుండ ఓర్వగలిగినంత వేడినీటిలో అరగంటకు మించి చేయినుంచిన బాధ తగ్గును. నీటి వేడిని మంచి చేతితో ముందు చూడుడు, నొప్పిలో కాలినదియు తెలియదు. ముల్లు లోపల విఱిగినను, వాపు హెచ్చినను ఆసుపత్రికి బోవలెను.

ఆనకట్టల దిగువ రాళ్లపై కూర్చుండి గాలము వేయువారు తలుపు లెత్తు వేళ తెలిసికొనక కూర్చుండరాదు. 2014 జూనులో హిమాచలప్రదేశమునందలి బియాస్ నదిలో, పైనున్న జలాశయము నుండి విడిచిన నీరు హఠాత్తుగ వచ్చి, విహారమునకు బోయిన హైదరాబాదు విద్యార్థులు 24 మందిని గొనిపోయినది. ఆకాశము నిర్మలముగ నున్నను ఏఱు పొంగవచ్చును. మోకాలిలోతు నీరు నడుమువఱకు వచ్చుటకు మనము సామానులు సర్దుకొనునంత వేళయే పట్టును.

మందుగుండు, విషము, విద్యుత్తు. ఈ మూటిని గూర్చి మన సంఘమే కఠినముగ నుండవలెను. మందుగుండును, విషమును నీటిలో వైచి చేపలను జంపుట 1897 సంవత్సరపు భారత మత్స్యచట్టముననే నేరము. చేపపిల్ల, గ్రుడ్డు, పురుగు, నాచు అన్నియు నొక్కసారి చచ్చును. తీగెను నీటిలో వైచినవాడును అందే పడి చచ్చుచున్నాడు. ఆ పని చేయువారిలో మన పిల్లలు లేరని నేను చెప్పలేను.

చివరకు, మనకును పట్టణపు యువకులకును నడుమ గట్లపై జరుగుచున్న కలహములు. చెఱువు సహకారసంఘమువారు పాటకు తీసికొన్నది. పిల్లలను కొని వదలినది వారు. అడుగక గాలము వైచువాడు తెలిసియో తెలియకయో వారి సొత్తు తీయుచున్నాడు. అయినను కఱ్ఱలు విఱుగగొట్టి పంపుటవలన ఏమి వచ్చినది? ఒకచోట నేనును చూచితిని. ఉభయులును పోలీసుఠాణాలో దినమంతయు కూర్చుండిరి. నా విన్నప మేమనగా, చెఱువు పాటనిబంధనలు అంగీకరించినచోట, సంఘమే దినపుచీటి యిచ్చి రుసుము తీసికొనవచ్చును. చీటిపై మూడు మాటలు వ్రాసిన చాలును: ఒక్కనికి ఒక్క గెడ, ఎఱ్ఱగుంపుపై గాలము లేదు, తీగెల క్రింద నిలువరాదు. చూపించుటకు మన పిల్లవాడొకడు వెంటనుండును, వానికి కూలి ముట్టును. తిలాపియా, ఆఫ్రికా మార్పు వంటి పరదేశపు చేపలు పడినచో మరల విడువక తీసికొని పోవలెనని గూడ చెప్పవలెను. వానలకాలమున చేపలు గ్రుడ్లు పెట్టువేళ చీటీలు నిలుపవలెను. నిషేధదినములను మత్స్యశాఖవారి నడిగి యేటేట తెలిసికొనవలెను. ఈ తీర్మానమును రేపటి విషయనిర్ణయసభలో ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ కోరుచున్నాను. వలదనువారు కారణములు చెప్పుదురుగాక. వినుటకు సిద్ధముగ నున్నాను.

పద్దెనిమిది వెదురుగెడలు, ముడులు నేర్చుటకు దారము, ఎదురుముల్లు నొక్కివైచిన గాలములు తెచ్చియున్నాను. రేపు ఉదయము ఆఱుగంటలకు, పందిరి వెనుకనున్న చెఱువు తూర్పుగట్టున నుందును. పడమటిగట్టుమీదుగ తీగెలు పోవుచున్నవి. అటు ఎవ్వరును రావలదు. పదేండ్లలోపు పిల్లలతో పెద్దవారొకరు రావలెను.